సాత్విక నిలయం ప్రోటీన్ తీర్మానం

బేగంపేటలో నాలా పొంగి, ఇళ్ళ మధ్య పడవలు తిరిగిన వానలకు మరుసటి ఏడు, పంజాగుట్టలోని మా సాత్విక నిలయం పోషకాహార విషయంలో యావత్ మానవజాతికి దారి చూపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది! మానవజాతికి ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు ఒప్పుకోరు. అందుకే నేను రాయాల్సి వచ్చింది.

నేను ఆ బిల్డింగ్‌కు వాచ్‌మన్‌ను. పేరు పెంటయ్య. నా చదువు మూడో తరగతిలో ఆగింది, మాటలు అంతకంటే ముందే ఆగాయి. ఆ రెండో గుణం చూసే నన్ను పనిలో పెట్టుకున్నారు. మెట్ల కింద గదిలో నేనూ, నా భార్య రుద్రమ్మా ఉండేవాళ్ళం. గేటు మీద ఒక బోర్డు ఉండేది: "ఇచ్చట శాకాహారులకు మాత్రమే ఇళ్ళు అద్దెకు ఇవ్వబడును." దాన్ని ప్రతి శుక్రవారం పసుపు నీళ్ళతో కడిగించేవారు అధ్యక్షులు సూర్యనారాయణ గారు. ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. "పై విషయమై" అనకుండా కాఫీ కూడా అడగరు.

ఆ ఏడు కంప్యూటర్ ఉద్యోగాలు ఊడుతున్నాయని కబురొచ్చింది. అమీర్‌పేట ఊరుకుంటుందా! వారం తిరక్కుండా బోర్డులు మార్చేసింది. నిన్నటిదాకా కోడింగ్ నేర్పిన గదుల్లోనే కంప్యూటర్‌తో కలిపి ప్రోటీన్లు నేర్పడం మొదలుపెట్టారు. సూర్యనారాయణ గారి అబ్బాయి వివేక్ ఆ కోర్సులో చేరాడు. అక్కడ పాఠం చెప్పే ఫరీదా మేడమ్ మా బిల్డింగ్‌కు ఇల్లు అడగడానికి వచ్చింది. పేరు వినగానే అధ్యక్షులవారు ఖాళీ లేదన్నారు. ప్రోటీన్ల మేడమ్ అనీ, ఆదివారాలు వివేక్‌కు ఇంట్లో కూడా పాఠం చెబుతుందనీ తెలిశాక ఇల్లు ఖాళీ అయింది.

"వంటింట్లోకి మాంసం రానివ్వనని రాసివ్వాలమ్మా!"

"మా అమ్మకు డాక్టర్ ఎప్పుడో బంద్ చేయించిండు అంకుల్. నేను సుత తినను. రాసిస్తా."

రాసిచ్చింది. నూట మూడులో తల్లీకూతుళ్ళు దిగారు. "మన బిల్డింగ్ మత సామరస్యానికి నిలువెత్తు నిదర్శనం!" అని అధ్యక్షులు లిఫ్టు దగ్గర ప్రకటించారు.

నెల తిరిగాక సెల్లార్‌లో ఆరోగ్య సదస్సు పెట్టారు. వక్త ఫరీదా. కుర్చీలు వేసింది నేను.

"ప్రోటీన్ అంటే ఒక దండ అనుకోండ్రి" అని మొదలుపెట్టింది. "అమైనో ఆమ్లాలు అంటే పూసలు. ఇరవై తీర్ల పూసలుంటయి. అందుల తొమ్మిది మన ఒంట్ల తయారు కావు, తిండిల నుంచే రావాలె. గుడ్డు తెల్లసొనల ఆ తొమ్మిదీ సరిగ్గ ఉంటయి."

ఆ బిల్డింగ్‌లో 'గుడ్డు' అన్న మాట పైకి వినబడటం అదే మొదలు! మూడో అంతస్తు భజన మండలి సీతామహాలక్ష్మి గారు చెవులు మూసుకున్నారు. వేళ్ళ మధ్య సందు మాత్రం ఉంచుకున్నారు.

"ఫికర్ లేదు ఆంటీ! పప్పుల తక్కువైన పూస బియ్యంల ఉంటది, బియ్యంల తక్కువైంది పప్పుల ఉంటది. రెండు కల్పి తింటే..."

అంతలో మిరపకాయ బజ్జీలు వచ్చాయి. పప్పూ బియ్యమూ ఎవరూ వినలేదు.

నాలుగో బజ్జీ మీద కార్యదర్శి రాజనర్సయ్య గారికి సందేహం వచ్చింది. "ఇన్ని తింటే నెత్తురు పుల్లగ కాదా మేడమ్?"

"కాదు సార్. నెత్తుట్ల బఫర్ అని ఉంటది. ఆమ్లం వస్తే అదే పట్టుకుంటది, క్షారం వస్తే అదే పట్టుకుంటది. అందరి లొల్లి తన మీదేసుకొని నెత్తుర్ని ఉన్నకాడ ఉంచుతది."

"అంటే మన పెంటయ్యనే గదా!" అన్నారు రాజనర్సయ్య గారు. అందరూ నవ్వారు.

"బఫర్‌కు సుత ఒక హద్దుంటది సార్. అది దాటినంక ఒక్క చుక్క చాలు."

"ఇంకో బజ్జీ ఎవరికండీ?" అన్నారు సూర్యనారాయణ గారు. పోషకాహారంలో మనమే ముందుండాలన్న ఆ మహా తీర్మానాన్ని బజ్జీలు నములుతూనే ఆమోదించారు.

మర్నాడు తెల్లవారి ఐదింటికి సూర్యనారాయణ గారు స్వయంగా మెట్ల కింద గదికి దిగి వచ్చారు.

"పై విషయమై... నాకు ఆరు గుడ్లు కావాలి పెంటయ్యా. డాక్టరు రాశాడు. జానకికి మాత్రం తెలియకూడదు!"

ఆయన వెళ్ళిన పావుగంటకు ఆయన భార్య జానకీదేవి గారు పూలసజ్జతో వచ్చారు. "నాలుగు చాలయ్యా. మోకాళ్ళ నొప్పులకు. ఆయనకు తెలిస్తే ఇల్లు శుద్ధి చేయిస్తారు!"

ఆమె లిఫ్టు ఎక్కగానే వివేక్ హెల్మెట్‌తో దిగాడు. "తాతా, డజను. జిమ్‌లో చెప్పారు. అమ్మానాన్నలకి తెలిసిందంటే చచ్చిపోతారు, ప్లీజ్!"

ఆ వారం తిరిగేసరికి ఫరీదా ఇల్లు తప్ప అన్ని ఇళ్ళూ దిగి వచ్చాయి. ఎవరికి వారే ఒంటరి పాపులు! రాజనర్సయ్య గారికి పిల్లవాడి సైన్సు ప్రాజెక్టుకట. ఆ ప్రాజెక్టు మూడు నెలలు సాగింది. సీతామహాలక్ష్మి గారికి జుట్టుకు పట్టించడానికట. ఆవిడ తల రోజుకు నాలుగు గుడ్లు తాగేది.

ఒకరికొకరు ఎదురుపడకుండా ఒక్కో ఇంటికి ఒక్కో వేళ పెట్టాను. గుడ్డు పైకి పోవడం పూలసజ్జలో, హెల్మెట్‌లో, పాల ప్యాకెట్ల డబ్బాలో. పెంకు కిందికి రావడం పాత పేపర్లో. ఆ మూటను నేను ఎర్రమంజిల్ దాకా మోసుకెళ్ళి అక్కడి చెత్తకుండీలో వేసేవాణ్ణి. ఆ మూడు నెలలూ మా బిల్డింగ్‌లో భక్తి విపరీతంగా పెరిగింది! వాసన తెలియకుండా ప్రతి ఇంట్లో ఒకటే సాంబ్రాణి పొగ. ఆ పొగకు ఫైరింజనువాళ్ళు ఒకసారి వచ్చి, దణ్ణం పెట్టుకుని వెళ్ళారు.

గుడ్ల కొట్టు నడిపే మతీన్ భాయ్ ఉండబట్టలేక అడిగాడు. "రోజుకు మూడు ట్రేలా! గిన్ని గుడ్లు ఎవరు తింటున్రు పెంటన్నా?"

"ఎవరూ తినరు" అన్నాను. ఎవర్ని అడిగినా అదే చెప్పేవాళ్ళు కదా!

ఒక ఆదివారం లిఫ్టులో సగం పెంకు దొరికింది.

సాయంత్రం నాలుగింటికి అత్యవసర సమావేశం. పెంకును పళ్ళెంలో పెట్టి, మీద జేబురుమాలు కప్పారు. సూర్యనారాయణ గారు లేచారు.

"లిఫ్టు నందు లభ్యమైన వస్తువు గుడ్డు పెంకు అని ప్రాథమికంగా నిర్ధారణ అయింది. ఎంతటి ఘోరం!"

"నేనైతే పోల్చుకోలేను బాబూ, పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు!" అంటూ సీతామహాలక్ష్మి గారు రుమాలు ఎత్తి చూశారు. "ఫారం గుడ్డుదే. నాటుదైతే ఇంత తెల్లగా ఉండదు."

ఆ మాట ఎవరికీ వినబడలేదు. వినకూడదని అందరికీ ఒకేసారి తోచింది. తలలన్నీ ఫరీదా వైపు తిరిగాయి.

"నాకు గుడ్డే పడదు అంకుల్" అందామె. "తెల్లసొనల ఉండే ప్రోటీన్ నా ఒంటికి పగ. దద్దుర్లు లేచి గొంతు వాస్తది. చిన్నప్పుడు వారం రోజులు దవాఖానల పెట్టిన్రు. డాక్టర్ కాగితం ఉంది, తెమ్మంటరా?"

"డాక్టర్లు ఏదైనా రాస్తారమ్మా!" అన్నారు సూర్యనారాయణ గారు. ఆయనకు తెలియని విషయమా! "గుడ్డు గురించి అంత పాఠం చెప్పిన మనిషి తినకుండా ఎలా ఉంటుంది?"

"పాము విషం సుత ప్రోటీనే అంకుల్. క్లాస్‌ల గా పాఠం సుత చెప్త."

ఎవరో ఫక్కున నవ్వారు. అధ్యక్షులవారి ముఖం ఎర్రబడింది. "వాచ్‌మన్‌ను పిలవండి!"

నేను అక్కడే ఉన్నాను. కుర్చీలు వేసింది నేనే కదా!

"పెంటయ్యా, ఆమెకు గుడ్లు తెచ్చిచ్చావా?"

"లేదు."

పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ కుర్చీల అంచులకు జరిగారు. ఆ తర్వాతి ప్రశ్న ఏమిటో మూడో తరగతివాడికి కూడా తెలుసు. ఎవరూ అడగలేదు. ఫరీదా అడిగింది.

"మరి ఎవరికి తెచ్చినవ్ తాతా?"

"సాక్షిని బెదిరించరాదు!" అని రాజనర్సయ్య గారు అరిచారు. "నిబంధనలు ఒప్పుకోవు!" అని జానకీదేవి గారు. "పాపం పెద్దాయన!" అని సీతామహాలక్ష్మి గారు. నా మీద ఆ బిల్డింగ్‌కు అంత దయ ఉందని ఆ రోజే తెలిసింది. నేను నేల చూశాను. మెట్ల కింద గది కళ్ళ ముందు కదిలింది. అందులో రుద్రమ్మ దగ్గు వినబడింది. నోరు తెరవలేదు.

తీర్మానం చదివారు. "కుమారి ఫరీదా గుడ్డు తిన్నట్లు రుజువు కానందునను, తిననట్లు కూడా రుజువు కానందునను, బిల్డింగ్ ప్రశాంతత దృష్ట్యా వారు నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చేయవలెను. వారి విద్యాసేవకు కృతజ్ఞతలు."

ఆ రోజు ముప్పయ్యో తారీఖు. మర్నాడే నెలాఖరు.

కుర్చీలు మడుస్తుంటే ఒక్కొక్కరే పక్కకు వచ్చి నా భుజం తట్టారు. "నమ్మకస్తుడివయ్యా! రేపు ఇంకో రెండు ఎక్కువ తే" అన్నారు సూర్యనారాయణ గారు. మిగతావాళ్ళదీ అదే మాట, అదే తట్టడం. అందరికీ ఒకే జవాబు చెప్పాను.

"పైకి తెచ్చుడు కుదరది. అందరి కండ్లు నా మీదున్నయి. పొద్దున ఆరున్నరకు మీరే సెల్లార్‌కు రండ్రి. ఎవరికీ చెప్పకుండ్రి."

నా జాగ్రత్తను అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత నూట మూడుకు వెళ్ళి పుస్తకాల కట్టలకు తాడు బిగించాను. వాళ్ళమ్మ గిన్నెలు పేపర్లలో చుడుతోంది. ఈ వానల్లో ఎక్కడికి పోతారో వాళ్ళకే తెలియదు. ఫరీదా నన్ను ఒక్క మాట అనలేదు.

"లేదు అన్నవ్ గదా తాతా, అదే మస్తు" అంది.

తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు లిఫ్టు దిగింది. సూర్యనారాయణ గారు, చంకలో మడత సంచి. మెట్ల మీద నుంచి జానకీదేవి గారు పూలసజ్జతో. బండ్ల చాటు నుంచి వివేక్ హెల్మెట్‌తో.

"ఏంటి, ఇంత పొద్దున్నే?"

"పూలకండీ. మీరేంటి?"

"పై విషయమై... పేపరు కోసం."

"పేపరుకు సంచెందుకండీ?"

ఈలోగా రాజనర్సయ్య గారు, సీతామహాలక్ష్మి గారు, మొత్తం పద్నాలుగు ఇళ్ళూ దిగాయి. అందరూ వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. గేటు దగ్గర ట్రాలీ ఆటోలో ఫరీదా వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఫరీదా ఆఖరి పెట్టెతో ఆ గుంపు మధ్య ఆగిపోయింది. నేను ట్రేల మీద గుడ్డ తీశాను. గొంతు సవరించుకున్నాను.

"ఐదొందల ఒకటి, సూర్యనారాయణ సార్, ఎనిమిది! ఐదొందల ఒకటి, జానకమ్మ, ఆరు! ఐదొందల ఒకటి, వివేక్ బాబు, పద్నాలుగు!"

ఒకే ఇంటివాళ్ళు ముగ్గురూ మూడు గోడల వైపు తిరిగారు.

"రెండొందల రెండు, సెక్రటరీ సార్, సైన్సు ప్రాజెక్టు, పది! మూడొందల ఒకటి, సీతామహాలక్ష్మమ్మ, తలకు, ఆరు!"

పద్నాలుగు ఇళ్ళూ పిలిచాను. పుట్టాక అంతసేపు మాట్లాడటం అదే మొదలు. చివర ఒక ఇల్లు మిగిలింది.

"నూట మూడు, ఫరీదా మేడమ్. ఒక్కటి సుత లేదు!"

సూర్యనారాయణ గారు సంచిని వీపు వెనక్కు దాచి దగ్గారు. "ఈ నూతన పరిస్థితుల్లో నిన్నటి తీర్మానం పునఃపరిశీలించబడును. గుడ్డును ఇక మీదట ప్రోటీన్ అని వ్యవహరించవచ్చును. నువ్వు ఉండొచ్చమ్మా!"

ఫరీదా ఆ ట్రేలన్నీ చూసి దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"వద్దు అంకుల్. నిజంగ గుడ్లు తిననోళ్ళుండే బిల్డింగ్ ఏదన్న ఉంటే చెప్పుండ్రి. మాకు గసుంటిదే కావాలె."

ఆమె చేతిలోని పెట్టె నేను అందుకున్నాను. గేటు దాకా మోసి ఆటోలో పెట్టాను. ఖైరతాబాద్ వైపు మలుపు తిరిగేదాకా నిలబడి, వెనక్కు వచ్చాను.

సెల్లార్‌లో ఒక్కరూ లేరు. ట్రేల్లో ఒక్క గుడ్డూ లేదు.

ఖాళీ ట్రేలు తీసుకెళ్ళి మతీన్ భాయికి ఇచ్చేసి, రేపటి నుంచి వద్దన్నాను.