అత్తకు సముద్రం ఎవరు చూపించాలి

ఆ రోజు పొద్దున కోటేష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చీరాల లాడ్జిలో టీ తాగి, టౌన్ బస్సెక్కి, వాడరేవులో దిగి, అత్తగారు హేమ్లికి సముద్రం చూపించాలి. చండ్రుగొండ దగ్గరి తండాలో పుట్టి, ఖమ్మం దాటని మనిషి ఆమె. సముద్రం చూడాలని ఎన్నో ఏళ్ల కోరిక. ఆ కోరిక తన చేతుల మీదుగా తీరాలని, దమ్మపేట మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పనిచేసే కోటేష్ సెలవు పెట్టి మరీ రైల్లో తీసుకొచ్చాడు.

టీ గ్లాసు కింద పెట్టేలోపే లాడ్జి ముందు తెల్ల కారు ఆగింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. అందులోంచి పెద్దల్లుడు బాలకృష్ణ, అతని భార్య భార్గవి దిగారు. బాలకృష్ణ పాల్వంచ పవర్ స్టేషన్‌లో ఇంజనీరు. ముందురోజే కారులో వచ్చి రిసార్టులో దిగాడు.

"అత్తా, ఏసీల కూసో. జల్దీ పోయి సముద్రం చూసొద్దాం" అన్నాడు. తర్వాత కోటేష్ వైపు తిరిగి, "తమ్మీ, మీరు గూడ ఎక్కుండ్రి. జాగ ఉంది" అన్నాడు.

"వద్దన్నా. నాకు ఏసీ పడది."

కోటేష్ భార్య సువర్ణ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తహసీల్దారు గదిలో ఏసీ ఉందని పని లేకపోయినా ఫైలు పట్టుకుని వెళ్లే మనిషి అతను.

"ఎప్పటిసంది పడతలేదు?"

"ఇప్పటిసంది."

హేమ్లి ముందు సీట్లో కూర్చుంది. అద్దం మెల్లగా పైకి లేచి ఆమె ముఖాన్ని మూసేసింది. కారు కదిలింది.

కోటేష్ బస్సు దగ్గరికి పరుగెత్తితే, డ్రైవరు టిఫినుకు వెళ్లాడన్నారు. పక్కనే షేర్ ఆటో ఉంది. దాని డ్రైవరు శ్రీధర్ తాపీగా అద్దం తుడుచుకుంటున్నాడు.

"నిండితేగానీ కదలదండీ."

"ఖాళీ సీట్లన్నిటికీ నేనే ఇస్త. నడువు."

"గా పైసలతోని కారే కిరాయికి వస్తుండె" అంది సువర్ణ.

ఎంత తోలినా ఆటో ఆటోయే, కారు కారే. ఊరు దాటేసరికి కోటేష్ ఓపిక అయిపోయింది. ఫోన్ తీశాడు.

"అన్నా, మేం ఆటోల వస్తున్నం. బీచ్ రోడ్డు మీద పోలీసులు బండ్లు ఆపుతున్నరంట. పక్క ఊర్ల నుంచి పాత తొవ్వ ఉంది. అట్ల పోరాదు."

ఫోన్ పెట్టేశాక సువర్ణ అడిగింది. "ఎవరు చెప్పిండ్రు నీకు?"

"అందరు అనుకుంటున్నరు."

"నేను అనుకోలేదండీ" అన్నాడు శ్రీధర్.

కోటేష్ అనుకున్నట్టే ముందు చేరాడు. అత్త కంటే ముందు తాను చూస్తే బాగుండదని సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. కారు రాలేదు. ఫోన్ వచ్చింది. అవతల ఆడవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి.

"తమ్మీ, నీ ఆటో తీస్కొని రా. కారుల పీతలు పడ్డయ్" అన్నాడు బాలకృష్ణ.

జరిగింది ఇది. ఆ పాత దారిలో కొందరు ఆడవాళ్లు పీతల బుట్టలు నెత్తిన పెట్టుకుని రిసార్టుల వైపు నడుస్తున్నారు. హేమ్లి వాళ్ల తండాలో, అడవి దారిన బరువుతో నడిచే మనిషిని ఎక్కించుకోకుండా బండి దాటిపోతే, ఆ బండివాడి గురించి ఏడాదంతా చెప్పుకుంటారు.

"ఆపు బిడ్డా" అంది హేమ్లి.

"అత్తా, ఇది కారు. ఆటో కాదు."

"చక్రాలు లేవా దీనికి?"

బుట్టలతో సహా ఇద్దరు ఎక్కారు. మిగతావాళ్లు వెనక నడిచారు. ముందున్న గుంతలో కారు ఎగిరింది, బుట్ట తిరగబడింది. ఒక పీత బ్రేకు కిందికి చేరింది. బాలకృష్ణ రెండు కాళ్లూ సీటు మీదికి తీసుకున్నాడు. కారు దానంతటదే వెళ్లి ఇసుకలో కూరుకుపోయింది.

కోటేష్ చేరేసరికి సరుగుడు చెట్ల కింద బాలకృష్ణ బూట్లు చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోటేష్ ముఖంలో దాచుకోలేనంత వెలుగు. ఆటో నుంచి దిగి, చెయ్యి చాచాడు.

"అత్తా, ఎక్కు. ఆటో మొత్తం మనదే."

"మొత్తం మనదేనా?" అని హేమ్లి వెనక్కి తిరిగింది. "ఎక్కుండ్రి బిడ్డా, మొత్తం మనదేనంట."

నడిచొచ్చిన వాళ్లు, కారు దిగిన వాళ్లు, బుట్టలు, భార్గవి అందరూ ఎక్కారు. సువర్ణ దిగలేదు. శ్రీధర్ పక్కన మిగిలిన కాస్త చోటులో హేమ్లి ఇమిడిపోయింది.

"అత్తా, మరి నేను?"

"మీ అన్నకు తోడుండు. కారుల పడ్డ పీతలు ఏరి పెట్టుండ్రి. పాపం, వాళ్ల కష్టం."

ఆటో వెళ్లిపోయింది. తోడల్లుళ్లిద్దరూ మోకాళ్ల మీద కారులోకి దూరారు.

"పోలీసులు ఆపుతున్నరని ఎవరు చెప్పిండ్రు తమ్మీ?"

కోటేష్‌కు అప్పుడే వెనక సీటు కింద అర్జెంటుగా ఏదో కదిలినట్టు అనిపించింది.

సీటు కింద చెయ్యి పెట్టి వెతుకుతూ బాలకృష్ణే అన్నాడు. "ఈ కారు ఎందుకు కొన్ననో తెలుసా? అత్తకు ఎప్పుడు నీ ముచ్చటే. కోటేష్ దవాఖానాకు తోలుకపోయిండు, కోటేష్ బస్సుల సీటు పట్టిండు. విని విని పానం విసిగింది. గందుకే లోను పెట్టి కొన్న."

కోటేష్ తల పైకెత్తాడు. సీటు అంచు తగిలింది, నొప్పి తెలియలేదు. ఆ ఇసుకలో, ఆ ఎండలో, అతనికి నిజంగానే ఏసీలో కూర్చున్నట్టుంది.

"గట్లెందుకన్నా. నువ్వన్నా అత్తకు పానమే."

అంతలో సువర్ణ వీడియో కాల్ చేసింది. తెరమీద హేమ్లి నిలువునా తడిసి నవ్వుతోంది. పక్కన ప్యాంటు మడిచిన శ్రీధర్ ఆమె చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు.

"అల్లుండ్లూ, సముద్రం మస్తుగుంది" అంది హేమ్లి. "ఈ శ్రీధర్ అల వస్తె ఎట్ల ఎగరాల్నో నేర్పిండు. ఎంత మంచి పిలగాడు. రేపటిసంది ఈయన ఆటోల్నే తిరుగుదాం. మీరు పీతలు దొరికినంక నిమ్మళంగ రాండ్రి."

శ్రీధర్ మర్యాదగా చెయ్యి ఊపాడు.

పెళ్లిళ్లయ్యాక మొదటిసారి, తోడల్లుళ్లిద్దరూ ఒకే మనిషిని చూసి కుళ్లుకున్నారు.