క్రిజెల్ శిరోజ సంగ్రామం

స్వస్తి! ఏడువేల పైచిలుకు ద్వీపములను ముత్యములవలె గ్రుచ్చి మెడను దాల్చినదియు, వీధికొక మందుల దుకాణమును మలుపుకొక బ్యూటీ పార్లరును గలిగి కేశసంపదచే లోకమునెల్ల ధిక్కరించుచున్నదియు నగు ఫిలిప్పీన్ దేశమున, పనాయ్ ద్వీపమున, ఇలోయిలో నగరమున, మే మాసపు చివరి ఆదివారమున, రేకుల కప్పుపై కోడిగుడ్డు పగులగొట్టినచో అట్టుగా లేచునంతటి ప్రచండమైన ఎండ కాయుచుండగా, ఉదయము తొమ్మిది గంటల శుభవేళ, ఒకానొక పెరటిలో, కాలు విరిగి తీగతో కట్టబడిన ఒకానొక ప్లాస్టిక్కు కుర్చీ చుట్టును, ఒకే ఒక్క తల కోసము ఇద్దరు వీరనారీమణులు సాగించిన మహాసంగ్రామమును చెప్పెద వినుడు. ఓ నురుగుతల్లీ, వచ్చి నా నాలుకపై నిలువుము. ఎక్కువసేపు వద్దు, కళ్ళు మండుతాయి.

ఆ తల క్రిజెల్‌ది. పదునేడేండ్ల ప్రాయము, నడుము దాటిన నల్లని కేశపాశము, అద్దము ముందు నిలిచినచో అన్నము చల్లారిపోయినను కదలని ఏకాగ్రత, ఈ మూడు సుగుణములను జూచి వీధి పెద్దలు ఆ యేటి పూల ఊరేగింపునకు ఆమెను రెయ్నా ఎలేనాగా ఎన్నుకొనిరి. అనగా వరుసలో చిట్టచివర, అందరికన్న పెద్ద గౌను తొడిగి, పూలతోరణము క్రింద నడచు రాణి. మిగిలిన రాణులను జనము చూతురు. ఈ రాణిని మిగిలిన రాణుల తల్లులు చూతురు, వారి చూపులకు నిలుచుటయే అసలు కష్టము.

క్రిజెల్ తల్లి పెర్లిటా మన కథానాయిక. మందుల దుకాణమున దగ్గుమందులకును పసివారి డైపర్లకును నడుమ నుండు జుట్టు సరుకుల వరుసలో, పదునొకండేండ్లుగా ఎత్తుమడమల జోళ్ళపై నిలిచియున్న అచంచల ధీర. ముప్పదియారు రకముల షాంపూలను కనులు మూసికొని వాసనచేతనే పోల్చగలనని చెప్పుకొను ఘ్రాణసార్వభౌమురాలు. సెలూన్ సరుకు కావలెనని వచ్చిన ప్రతి అమ్మకును ఆమె చెప్పు మాట ఒక్కటే: "రెండూ ఒకటేనమ్మా. సీసాకే ఆ డబ్బులు." పరాయి తలలు ఎన్నో ఆ మాటకు లొంగినవి. ఇంట్లో తల మాత్రం లొంగలేదు.

క్రిజెల్ పుట్టి మూడు వెంట్రుకలు మొలిచిన నాటినుండి, ఏ పండుగకైనను ఆ తలను కడిగినది పెర్లిటాయే. వాన వచ్చినను, ఒంట జ్వరమున్నను, దుకాణమున సెలవు దొరకకున్నను, ఆ పనిని వేరొకరికి అప్పగించి ఎరుగదు. అట్టి తల్లితో, అంతటి దినమున, పళ్ళు తోముకొనుచు క్రిజెల్ పలికినది.

"అమ్మా, ఈసారి నువ్వొద్దులే. నినాంగ్ కడుగుతుంది."

నినాంగ్ అనగా జ్ఞానతల్లి. ఆమె పేరు కొన్సోలా, మూలమలుపులోని పార్లరు ఆమెదే. మనీలాలో రెండు దినములు శిక్షణ పొంది, ఆ పత్రమును దేవుని పటముకన్న జానెడు ఎత్తున వ్రేలాడదీసిన విద్యావతి. క్రిస్మస్‌కు క్రిజెల్‌కు మొరాకో నూనె కలిసిన, బంగారుమూత గల సెలూన్ షాంపూ సీసాను బహూకరించినదియు ఆమెయే. ఒకే బిడ్డకు ఇద్దరును తల్లులు గనుక ఆమెయు పెర్లిటాయు నొకరినొకరు "మారే" యని పిలుచుకొందురు. పదునేడేండ్ల స్నేహము. అందులో పదహారేండ్లు జుట్టు గురించి తగవు.

కూతురి మాట చెవి సోకినంతనే పెర్లిటా హృదయకుహరమున నెట్టి గర్జన పుట్టెనో కావ్యభాషలో చెప్పెద. "ఓసీ కృతఘ్నురాలా! నవమాసములు మోసిన ఉదరమును మరచిన మరతువు గాక, పదునేడేండ్లు నీ పేలసేనలను వెదకి వెదకి సంహరించిన ఈ వేళ్ళను సైతము మరచితివా? మొరాకో దేశపు నూనె నీకు జోల పాడెనా? బంగారుమూత సీసా నీకు బడికి జడ వేసెనా? రమ్మనుము ఆ కొన్సోలాను! నురుగును నురుగుతోనే ఢీకొందును గాక!"

పైకి మాత్రం, "ఏం, నా చేతులకేమైందే?" అంది.

"చేతులు కాదమ్మా, షాంపూ. నీది ప్యాకెట్టు షాంపూ. జుట్టుకేం వాడావని అందరూ అడుగుతారు. ఏం చెప్పను? దగ్గుమందు పక్కన దొరుకుతుందని చెప్పనా?"

అంతలో దువ్వెనలును రోలర్లును నిండిన పెట్టె చేతబూని, కొన్సోలా పెరటి తలుపు త్రోసికొని ప్రవేశించెను.

"ఏంటి మారే, పొద్దున్నే మొహం అలా పెట్టావు?"

"నా బిడ్డ తల నేను కడుక్కుంటానంటే తప్పా?"

"తప్పని ఎవరన్నారు? రేపట్నుంచి రోజూ కడుక్కో. ఇవాళ వదిలెయ్. ఆ ప్యాకెట్టు రసంతో కడిగితే సాయంత్రానికి చీపురుకట్ట అవుతుంది."

"ఆ రసంతోనే పెరిగింది మారే ఇంత జుట్టు."

"పెరిగింది, కాదన్నానా? మెరిసింది మాత్రం క్రిస్మస్‌కి నేనా సీసా ఇచ్చాకే."

ఇరుగమ్మలు గోడపై మోచేతులాన్చిరి. పొరుగమ్మలు కుర్చీలు తెచ్చుకొనిరి. చేపలమ్మే నెనా బుట్టను దించి, చేపలకు ఎండ తగులునని తెలిసియు అచ్చటనే కూర్చుండెను. ఇంతమంది ఎదుట వెనుదీయుట ఎవరికిని తగదు గనుక కొన్సోలా తన షరతును ప్రకటించెను.

"తలకి రెండు పక్కలుంటాయి కదా! ఎడమపక్క నీ షాంపూతో నువ్వు కడుగు, కుడిపక్క నా షాంపూతో నేను కడుగుతా. ఎవరి పక్క బాగుంటే సాయంత్రం అలంకారం వాళ్ళది. ఓడినవాళ్ళు ఇవాళంతా దీని జుట్టు మీద చెయ్యి వెయ్యకూడదు. సరేనా?"

"సరే," అనెను పెర్లిటా.

"కొత్త సీసా తెరవడం దేనికిలే," అని కొన్సోలా తన పెట్టెను మూసి, "క్రిస్మస్‌కి ఇచ్చింది ఉందిగా, పట్రా క్రిజెల్," అనెను. దానశూరత్వమునకును హద్దుండవలెను గదా.

స్వర్ణశిరోవిరాజితయు, వక్రనాసికాసమేతయు, తలపై నొక్కినంతనే ఆ నాసిక వెంట అమృతబిందువును రాల్చునదియు నగు సీసా స్నానాల గదినుండి పట్టుతువ్వాలుపై వేంచేసెను.

"ఇంకా సగం ఉంది నినాంగ్. పొదుపుగా వాడుతున్నా."

"చూశావా మారే? ఐదు నెలలు! మంచి సరుకంటే అదీ." కొన్సోలా ఒక చుక్కను అరచేతిలో వేసికొని, ముక్కునకు చేర్చి, కనులు అరమోడ్చెను. "ఆహా, మొరాకో! కళ్ళకు గంతలు కట్టినా చెప్తాను. నువ్వూ చూడు."

పెర్లిటా చూచెను. ఘ్రాణసార్వభౌమురాలి గుండె జారెను. వాసన దొరసానిదే, ఒప్పుకొనక తప్పదు. పైకి, "ఏదో ఉందిలే," అంది.

అంతట కొన్సోలా దువ్వెన కొనతో నుదుటినుండి మెడ దాక సరిహద్దురేఖను గీయగా, పెర్లిటా ప్యాకెట్టు అంచును పంటితో చించి, చెరియొక బకెట్టును చెరియొక మగ్గును ధరించి, వామపార్శ్వమున తల్లియు దక్షిణపార్శ్వమున జ్ఞానతల్లియు నిలిచి, జలధారలు ధారలతో పెనగులాడ, నురుగుకొండలు చెవులను ముంచివేయ, మోచేతులు మోచేతులను తాక, ఒకరి నురుగు ఒకరి సీమలోనికి చొరబడిన ప్రతిసారి "నీ పక్క నువ్వుండు మారే!" యను సింహనాదములు రేగ, నడుమ చిక్కిన రాణి "కళ్ళు! కళ్ళు!" అని ఆక్రోశింప, ఆ ఆక్రోశమును ఎవ్వరును లెక్కచేయక, రెండు బకెట్లు అడుగంటునంత దాక ఘోరయుద్ధము సాగెను. ఆ సందడిలోనే పెర్లిటా చూపుడువేలు క్రిజెల్ చెవి వెనుక నుండు చిన్న మచ్చను తడిమెను. ఆ మచ్చ వద్ద గిలిగింత పుట్టి ఆ పిల్ల చిన్నప్పుడు పకపక నవ్వెడిది. ఈసారి, "అమ్మా, త్వరగా కానీ," అంది.

జుట్టు ఎండలో ఆరెను. తీర్పు వేళ యయ్యెను. నెనా మొదట, "సెలూన్ది ఏ పక్క?" అని అడిగి తెలిసికొని, పిమ్మట కనులు మూసికొని, మిక్కిలి నిష్పక్షపాతముగా రెండు ప్రక్కలను తడిమెను.

"కుడిపక్కే! జారిపోతోందమ్మా చెయ్యి. ఎడమపక్కా పర్లేదనుకో, కానీ ఏదో... పట్టుకుంటోంది."

"అవునవును, పట్టుకుంటోంది," అని తడిమిచూడని వారును పలికిరి.

పెర్లిటా ఎవ్వరి మాటను లెక్కింపలేదు. కూతురి ముఖమునే చూచుచుండెను. క్రిజెల్ అద్దమున కుడి తిరిగెను, ఎడమ తిరిగెను, మరల కుడి తిరిగెను.

"కుడి. ఏమనుకోకమ్మా. ఎడమపక్క కొంచెం మందుల షాపులా ఉంది."

వీరులు రణరంగమున నేలకొరిగెదరు. పెర్లిటాకు ఆ సౌకర్యము లేదు, ఏలయన గౌనుకు పిన్నీసులు తెమ్మని కొన్సోలా అప్పుడే పురమాయించెను. ఆమె చేతులను లంగాకు తుడుచుకొని వంటయింటిలోనికి పోయెను. ఆమెకు నిజముగా ఏడుపు వచ్చెను. ఇందులో నవ్వుటకేమియు లేదు.

పిన్నీసులకై బిస్కెట్ల డబ్బా తెరచెను. దారపు ఉండలు. ఐస్‌క్రీం డబ్బా తెరచెను. ఎండుచేపలు. కాఫీ సీసా తెరచెను. మేకులు. ఆ ఇంట ఏ డబ్బాలోను దానిపై వ్రాసిన వస్తువుండదు, ఆ వీధిలో ఏ ఇంటను ఉండదు. మంచి డబ్బాను పారవేయుట ఆ సీమలో ఉపవాసదినమున మాంసము తినుటకన్న పెద్ద పాపము.

పెర్లిటా అత్తగారు ఇసియాంగ్ ముసలమ్మ, పండుగ విందుకు నూడుల్సు కలియబెట్టుచు, తలయెత్తకయే అడిగెను.

"ఓడిపోయావంటగా?"

"ఆ బంగారుమూత సీసా ముందు నా ప్యాకెట్టు ఏం నిలుస్తుంది అత్తయ్యా."

"ఏ సీసా? స్నానాల గదిలోదా?"

"అదే."

"అందులో ఉన్నది నీ ప్యాకెట్లేగా."

మేకులు నేలపై చెల్లాచెదురయ్యెను.

"ఏంటీ?"

"అసలుది ఫిబ్రవరిలోనే అయిపోయిందే. నేనే అవగొట్టా. నూనె, నూనె అంటుంటే మోకాళ్ళకి మంచిదేమోనని రాశాను. నొప్పి తగ్గలా, నురగొచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే పిల్ల ఏడుస్తుందిగా. అంత మంచి సీసా పారేస్తామా? నువ్వు షాపు నుంచి తెచ్చిన ప్యాకెట్లు కత్తిరించి నింపా. తగ్గినప్పుడల్లా నింపుతూనే ఉన్నా. కత్తెర పట్టీ పట్టీ వేళ్ళు కాయలు కాశాయి."

హా! కుడిపక్కయు ప్యాకెట్టే, ఎడమపక్కయు ప్యాకెట్టే! జారిపోయినదియు అదే, పట్టుకొన్నదియు అదే! మొరాకో అని కనులు అరమోడ్చిన నాసిక యేమి, పదునొకండేండ్లు షాంపూల నడుమ నిలిచియు దొరసాని వాసన యని గుండె జారిన నాసిక యేమి! తన ముక్కును తలచుకొని పెర్లిటా సిగ్గుపడెను. ఆ సిగ్గు మూడు క్షణములుండెను. పిమ్మట బ్రహ్మాండమైన ఆనందముతో ఆమె పెరటి గడప దాక పరుగెత్తెను.

గడప వద్ద ఆగెను. కుర్చీపై క్రిజెల్ తలనిండ రోలర్లతో కూర్చుండి, పరామర్శకై వచ్చిన ఇద్దరు చిన్నరాణులతో, "నాది పూర్తిగా సెలూన్ జుట్టు. మామూలు షాంపూ నాకు పడదు," అని చెప్పుచుండెను. ఆ ముఖమున పండుగ వెలుగుచుండెను. ఇప్పుడు ఒక్క మాట అన్నచో ఆ పిల్ల వచ్చే మే నెల దాక వీధికి వేళాకోళమగును. మొరాకోను ముక్కుతో కనిపెట్టిన కొన్సోలా ఇల్లు మారవలసి వచ్చును. నెనా సంగతి చెప్పనక్కరలేదు, సాయంకాలమునకు ఈ వార్త చేపల వాసనతో కలిసి రేవు దాక పోవును.

కాని వినుడు, పెర్లిటా జన్మలో ఒక్క రహస్యమును పూటకు మించి దాచి ఎరుగదు. మగనికి జీతము పెరిగిన సంగతి మగనికన్న ముందు వీధికి తెలిపిన మహాతల్లి. అట్టి ఆమె కంఠమున ఆ మాట లేచెను, నాలుక దాటెను, దంతముల కోటగోడను గ్రుద్దెను, పెదవులను తెరిపింపనున్న ఆ చివరి నిమిషమున ఆమె గిరుక్కున వెనుదిరిగి, అత్తగారి బాణలిలోనుండి పిడికెడు నూడుల్సును తీసి నోట కుక్కుకొనెను. మాట మడిసెను.

"విందుకని చేస్తుంటే!" అని ముసలమ్మ గరిటెతో చేతిపై కొట్టెను.

"అత్తయ్యా," అనెను పెర్లిటా మింగుచు, "ఈ సంగతి ఎవరికీ చెప్పకండి."

"నాకేం పని? అసలు మీరేం కొట్టుకుంటున్నారో నాకిప్పటిదాకా తెలీదు."

సాయంసంధ్యవేళ ఊరేగింపు కదలెను. చిట్టచివర, మల్లెలును కాగితపు గులాబీలును కట్టిన తోరణము క్రింద, సగము జుట్టు శిఖరమువలె ముడిచి సగము వీపుపై వదిలి, క్రిజెల్ నడచెను. ఒక ప్రక్క మంచినీళ్ళ సీసాతో పెర్లిటా, మరియొక ప్రక్క దువ్వెనతో కొన్సోలా. సముద్రపు గాలి ఎవ్వరి షరతును ఎరుగనిదై రెండు ప్రక్కల జుట్టును సమానముగా ఎగురవేసెను.

"చూశావా మారే, కుడిపక్క ఎలా ఎగురుతోందో!"

"ఎడమది కూడా ఎగురుతోంది మారే."

"కుడిదాన్ని చూసి నేర్చుకుంది."

పెర్లిటా బుగ్గలు ఉబ్బెను. నూడుల్సు అందుబాటులో లేనందున ఆమె పెదవిని కొరుకుకొనెను. క్రిజెల్ ఓరగా చూచెను.

"ఎందుకమ్మా నవ్వుతున్నావు?"

"జుట్టు బాగుందే. చాలా బాగుంది."

"మరి! సెలూన్ది కదా."

"అవును బంగారం," అనెను ఆ మహావీర, "సెలూన్దే."

ఇట్లు పెర్లిటా సగము తల కోసము పోరాడి వీధి ఎదుట ఓడి, తల మొత్తమును గెలిచి, ఆ గెలుపును వీధికి చెప్పుకొనక, విందు ముగిసి అందరును ఇండ్లకు మరలిన పిమ్మట స్నానాల గదిలోనికి పోయి, సీసాను వెలుతురున కెత్తి చూచెను. యుద్ధమున నాలుగు వ్రేళ్ళ మేర తగ్గియుండెను. ఆమె కత్తెర తెచ్చి, ఎనిమిది ప్యాకెట్లను ఒక్కొక్కటిగా కత్తిరించి, ఒక్క చుక్కయైనను ఒలకకుండ పిండి, బంగారుమూతను బిగించి, కూతురి చేతికి అందునట్టి చోట నిలిపెను. ఆ సీసా అక్కడ ఉన్నంత దాక, నువ్వొద్దులే అన్న ఆ తలను ఎన్ని పండుగలకైనను కడుగునది పెర్లిటాయే. జయము! జయము!