ఆర్చి మీదికెక్కిన రిమార్కు

రాజమౌళి తన నలభై గజాల జాగాను పచ్చిగా మింగేసి, కనీసం తేన్చకుండా తిరుగుతున్నాడన్నది సారంగపాణికి పదకొండేళ్ళుగా ఉన్న కడుపుమంట. పరాయివాడైతే పోలీస్ స్టేషనుంది, కోర్టుంది. రాజమౌళి సొంత బామ్మర్ది అయి కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి ధర్మసాగర్‌లో పక్కపక్కన ప్లాట్లు కొన్నారు. సారంగపాణి తన టెంట్ హౌస్ సామాను కోసం అక్కడ గోదాం కట్టాడు. తర్వాత రాజమౌళి ప్రహరీ కట్టాడు. ఆ ప్రహరీ తన జాగాలోకి జరిగి వచ్చిందని సారంగపాణి లెక్క. టేపు పెట్టి కొలవలేదు. కొలవడమెందుకు, బామ్మర్ది మొహం చూస్తే తెలియడం లేదూ?

ఇప్పుడు ఆ ప్రహరీ లోపల రాజమౌళి రెండంతస్తుల ఇల్లు లేపాడు. తెల్లవారితే గృహప్రవేశం. టెంటు మాత్రం సారంగపాణిదే. "నా తమ్ముని ఇంట్ల పండుగకు వేరేటోని టెంటు పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలె?" అని భార్య ప్రేమలత అడిగింది. ఆమె అడిగిందంటే అది ప్రశ్న కాదు.

ఆ రోజు ఉదయం సారంగపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా పాత నోట్‌బుక్కులోని పేర్లన్నీ హన్మకొండ దుకాణంలోని కంప్యూటర్లో ఎక్కించాలి. తిని, ధర్మసాగర్ పోయి, టెంటు సరిగ్గా పడిందో లేదో చూసి, రాజమౌళి మొహం చూడకుండా తిరిగి రావాలి.

కంప్యూటర్ ఆలోచన మేనకోడలు దీప్తిది. ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో మామ కోసం ఒక ప్రోగ్రామ్ రాసింది. వారం కింద నోట్‌బుక్కు చూపించమంటే, సారంగపాణి పేజీ మీద బొటనవేలు అడ్డం పెట్టి చూపించాడు.

"మామా, ఒక్క మనిషిని ఎన్నిసార్లు రాస్తవ్? గీ మొగిలమ్మ ఏడు చోట్ల ఉన్నది. ఏడు చోట్ల ఏడు నంబర్లు."

"ఏడుసార్లు టెంటు తీస్కపోయింది. ఏడుసార్లు రాసిన."

"గట్ల కాదు. ఒక ముచ్చట ఒక్కచోటనే రాయాలె. బిల్లుకైనా, మెసేజ్‌కైనా, ఆర్చి ఫ్లెక్సుకైనా పేరు అక్కడ్నుంచే రావాలె. ఒక్కచోట మారిస్తే అన్ని చోట్ల మారతది. ఇంకోటి, లోపలి డేటా వేరు, బయటికి కనబడే మొహం వేరు."

"రాజమౌళి గంతే. లోపలొకటి, బయటొకటి."

"నేను సాఫ్ట్‌వేర్ గురించి చెప్తాన మామా!"

"ఇండ్ల కొత్తేమున్నది? మన టెంటు గంతే గదా. గుంజలు అవే. పెండ్లికైతే ఎర్ర గుడ్డ కడతం, దినాలకైతే తెల్ల గుడ్డ."

దీప్తి నోరు తెరిచింది. తనకు ఇంజినీరింగులో నాలుగేళ్ళు పట్టిన సంగతిని ఏడో తరగతిలో బడి మానేసిన మామ గుంజ పాతినట్టు చెప్పేశాడు. "మస్తు చెప్పినవ్ మామా!" అంది. ఆ మెప్పే కొంప ముంచింది. తనకంతా తెలిసిపోయిందనుకున్న సారంగపాణి ఆమె తర్వాత చెప్పిన అరగంట పాఠాన్ని టీ తాగుతూ విన్నాడు.

బొటనవేలి కింద దాగిన రహస్యమేమిటంటే, సారంగపాణి ఏ పేరూ ఉత్తగా రాయడు. పేరుకు ముందు ఒక రిమార్కు ఉంటుంది. 'గంటెలు మింగే మొగిలమ్మ.' 'అడ్వాన్సంటే చెవుడు కుమారస్వామి.' ఈసారి సామాను ఇచ్చేటప్పుడు ఎంత జాగ్రత్త పడాలో ఆ రిమార్కే గుర్తుచేస్తుంది. ఆయన వ్యాపారమంతా ఆ రిమార్కుల మీదే నడిచింది.

తీరా చూస్తే కంప్యూటర్లో పేరుకు గడి ఉంది, ఊరుకు గడి ఉంది, నంబరుకు గడి ఉంది. రిమార్కుకు గడి లేదు. సారంగపాణి క్షణం ఆలోచించాడు. లోపలి డేటా వేరు, బయటి మొహం వేరు అని పిల్ల చెప్పనే చెప్పింది. లోపల రాసేది లోపలే ఉంటుంది. పేరు గడి పొడుగ్గానే ఉంది. రిమార్కుతో సహా నూట ముప్పై రెండు పేర్లు ఒంటివేలితో కొట్టాడు. రాజమౌళి వంతు వచ్చినప్పుడు మాత్రం రెండు వేళ్ళు వాడాడు. 'జాగా దొంగ రాజమౌళి.' సేవ్ నొక్కి, మీసం తుడుచుకున్నాడు.

ఐదు నిమిషాల్లో ఫోన్ మోగింది. అవతల మొగిలమ్మ.

"ఏమయ్యా సారంగపాణీ, నేను గంటెలు మింగుతన్నా? నాకు అప్పడం నమిలేతందుకే పండ్లు లేవు, ఇనుప గంటె ఎట్ల మింగుత?"

సారంగపాణి కుర్చీలోంచి లేచాడు. "నీకెవలు చెప్పిండ్రు అక్కా?"

"నువ్వే పంపినవ్. 'గౌరవనీయులైన గంటెలు మింగే మొగిలమ్మ గారికి నమస్కారం, మీ పేరులో తప్పులుంటే తెలుపగలరు' అని! మా మనుమరాలు ఇంట్ల అందరికి సదివి వినిపించింది. తప్పున్నది, రాసుకో. మూడు గంటెలే తీస్కపోయిన!"

సారంగపాణి ఎవరికీ ఏమీ పంపలేదు. కాబట్టి నోట్‌బుక్కు ఎవరో చదివారు. ఇంట్లో చదవడం వచ్చిన రెండో మనిషి ఒక్కరే. "ఏందే, నా నోట్‌బుక్కు ముట్టినవా?" అని అప్పుడే అన్నం డబ్బా తెచ్చిన ప్రేమలత మీద ఎగిరాడు. ఆమె అప్పటిదాకా దాన్ని ముట్టలేదు. ఆయన అడిగాక ముట్టింది. దుకాణం మూలన కుర్చీ వేసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఈలోగా కుమారస్వామి స్వయంగా వచ్చాడు. సారంగపాణి పాత అలవాటు కొద్దీ గట్టిగా, "ఏం పటేలా, ఇటొచ్చినవ్?" అని అరిచాడు.

"మెల్లగ మాట్లాడు, నాకు మంచిగనే వినబడతది," అని కుమారస్వామి వచ్చే నెల పెళ్ళి అడ్వాన్సు బల్ల మీద కొట్టాడు. "ఇగ ఆ చెవుడు తీసెయ్. మా వియ్యంకుడు సుత సదివిండు ఆ మెసేజ్!"

మధ్యాహ్నానికి దుకాణం ముందు వరస కట్టారు. ఒకరు జగ్గులు తెచ్చారు. ఒకరు మూడేళ్ళ కింద 'గాలికి ఎగిరిపోయిన' జంపఖానా తెచ్చారు. మొగిలమ్మ మనుమరాలు మూడు గంటెలిచ్చి, ఇంకో రెండు 'మంచం కింద దొరికినయ్' అంది. ఏళ్ళ తరబడి మర్యాదగా అడిగితే రాని సామాను ఒక్క పూటలో వచ్చింది. సారంగపాణికి భయం పోయి సంబరం పట్టుకుంది. దీప్తికి ఫోన్ చేశాడు. "బిడ్డా, నీ సాఫ్ట్‌వేర్ బంగారం!"

"మామా, పేరు గడిల ఏం రాసినవ్? సేవ్ కొడితే అందరికి మెసేజ్ పోతదని చెప్పిన గదా!" అంది దీప్తి. "నా ఫోన్‌కు సుత వచ్చింది. 'సలహాల సంచి దీప్తి గారికి' అని."

సరిగ్గా అప్పుడే మూల నుంచి ప్రేమలత లేచింది. ఆమె వేలు ఒక పేజీ మీద ఉంది. గొంతు చల్లగా ఉంది.

"ఏమయ్యా. ఆర్చి మీద పేరు ఎక్కడ్నుంచి వస్తది?"

సారంగపాణి చేతిలోని గంటె కింద పడింది.

ఫ్లెక్సు షాపుకు ఫోన్ చేశాడు. "పొద్దుగాలనే నీ కంప్యూటర్ల నుంచి వచ్చింది సేటు, కొట్టినం. యాకయ్య తీస్కపోయిండు," అన్నాడు షాపతను. "జాగా దొంగ అంటే మీ బామ్మర్ది ఇంటిపేరనుకున్న."

టెంట్లు కట్టే యాకయ్యకు ఇరవై ఏళ్ళ అనుభవముంది, అక్షరం ముక్క రాదు. అతనికి ఫోన్ చేస్తే ఉత్సాహంగా ఎత్తాడు. "ఫికర్ చెయ్యకు సేటు, గట్టిగ కట్టిన. గాలొచ్చినా ఊడది. ఎన్నడు లేంది, ఊరోళ్ళంత నిలబడి ఫోటోలు తీస్తాండ్రు!"

దీప్తి మళ్ళీ ఫోన్ చేసి అరిచింది. "మామా, పేరు మార్చిన! బిల్లుల మారింది, ఫోన్ల మారింది. గుడ్డ మీద పడ్డదే నా చేతుల లేదు!"

భార్యాభర్తలు స్కూటర్ మీద ధర్మసాగర్ చేరేసరికి, పదిహేనడుగుల ఎత్తున, పూల డిజైన్ మధ్యన, ఎర్రటి అక్షరాలు మెరుస్తున్నాయి. 'జాగా దొంగ రాజమౌళి గారి నూతన గృహప్రవేశానికి విచ్చేయు బంధుమిత్రులకు స్వాగతం.' దాని కింద రాజమౌళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ సగం ఊరుంది.

"బావా," అన్నాడు రాజమౌళి. "పదకొండేండ్లు నోట్లెనే గొణిగినవ్. గిప్పుడు రాతపూర్వకంగ ఇచ్చినవ్. ఇగ తేలాలె."

ప్రేమలత భర్త చొక్కా వెనక నుంచి లాగింది. తప్పయిందంటే అయిపోయేది. కానీ అంతమంది చూస్తుండగా, పదకొండేళ్ళ మంట ఒక్కసారి నెత్తికెక్కింది.

"తేలనియ్! కొలిపియ్! నేను రాసింది తప్పని తేలితే, నా గోదాం గోడ నా చేత్తోని కూలగొడ్త!"

"అందరు విన్నరు గదా?" అని రాజమౌళి ఊళ్ళోనే ఉండే రిటైర్డ్ సర్వేయరును పిలిపించాడు.

సర్వేయరు రెండు ప్లాట్ల మూల హద్దురాయి వెతికి, గడ్డి పీకి, టేపు పట్టాడు. ఒకసారి కొలిచాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. మూడోసారి సారంగపాణే టేపు కొస పట్టుకున్నాడు. టేపు ప్రహరీని ముట్టుకోనే లేదు. గోదాం గోడ దాటి లోపలికి పోయి, తెల్ల గుడ్డల కట్టల మధ్య ఆగింది.

"ప్రహరీ రాజమౌళి హద్దుల్నే ఉన్నది," అన్నాడు సర్వేయరు. "నీ గోదామే అవతలికి పోయింది సారంగపాణీ. నాలుగున్నర అడుగుల వెడల్పు, నలభై ఏడు అడుగుల పొడుగు."

యాకయ్య మెల్లగా అడిగాడు. "సేటు, ఆర్చి ఇక్కడ్నే ఉంచాల్నా, గోదాం ముంగటికి జరపాల్నా?"

తెల్లవారి గృహప్రవేశం బాగానే జరిగింది. రాజమౌళి బావకు కొత్త తువ్వాల కప్పాడు, రెండుసార్లు లడ్డూ వేయించాడు. ఆ మర్యాద సారంగపాణికి గొంతు దిగలేదు. భోజనాల దగ్గర దీప్తి ల్యాప్‌టాప్ తెరిచింది. రిమార్కుకు వేరే గడి పెట్టింది, అది దుకాణందారుకు తప్ప ఎవరికీ కనబడదట.

"అన్ని మార్చిన మామా. ఈ 'జాగా దొంగ' ఒక్కటి మిగిలింది. తీసెయ్యాల్నా?"

సారంగపాణి రెండో లడ్డూను విస్తరి చివరికి జరిపాడు. ప్రేమలత పప్పు వడ్డిస్తూ అంది, "తీసుడెందుకు బిడ్డా? ఒక ముచ్చట ఒక్కచోటనే ఉండాలె అన్నవ్ గదా. ఉండాల్సిన చోట పెట్టు."

మాట ప్రకారం గోదాం గోడ కూలగొట్టి ఆ వారం లెక్క తేల్చుకుంటే, సారంగపాణికి తిరిగి వచ్చినవి గంటెలు ఇరవై ఆరు, జగ్గులు తొమ్మిది, జంపఖానా ఒకటి. పోయిన జాగా ఇరవై మూడున్నర గజాలు.