ఆ విషయమూ, మీటరు కర్రా

లాల్‌దర్వాజాలోని ఒకానొక గల్లీ సంక్షేమ సంఘం గత నెల అత్యవసరంగా సమావేశమై, ‘ఆ విషయం’ మీద ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఏ విషయమని మీరు అడగకూడదు. అక్కడా ఎవరూ అడగలేదు. రిజిస్టరులోనూ ‘ఆ విషయం’ అనే రాసుకున్నారు.

ఆ విషయం నాగమణమ్మ కొడుకు ప్రణీత్‌ది. ఇరవై నాలుగేళ్లవాడు, ఆటిజం ఉంది. తల్లి నడిపే మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డలు కొలిచి, రంగుల వరస తప్పకుండా మడతపెడతాడు. అతని లోకమంతా ఆ దుకాణమే. అయితే దుకాణానికి వెళ్లే షేర్ ఆటోలు ఆగే చోట బ్యాంకు ఉద్యోగి అలేఖ్యకు ఆనుకుని నిలబడి, రెండుసార్లు ఆమె భుజం నిమిరాడు.

అలేఖ్య దుకాణానికే వచ్చింది. “కావాలని చేశాడో లేదో నాకు తెలీదు ఆంటీ. నాకు మాత్రం భయమేసింది. ఇంకోసారి జరక్కూడదు,” అంది.

నాగమణమ్మకు తల కొట్టేసినట్టయింది. కొడుక్కి మూడు వందల రంగుల పేర్లు నేర్పింది. ఒంటి గురించి, కోరిక గురించి, ఎదుటి మనిషి ఇష్టం గురించి ఒక్క ముక్క నేర్పలేదు. వాడికెందుకులే అనుకుంది.

మాట గల్లీ అంతా పాకింది. సమావేశంలో సంఘాధ్యక్షులు, గల్లీ శీలానికి మూలస్తంభం అయిన భిక్షపతిగారు గొంతు సవరించుకున్నారు. “వదినా, నీ బాధ మాకెర్కే. కానీ ఆడివిల్లలు తిరిగే గల్లీ ఇది. మన సంస్కృతి ఏం గావాలె?” ఒక సభ్యుడు తాయెత్తు సూచించాడు. ఇంకొకాయన పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. చేసుకునే పిల్ల గతి ఏమిటన్నది ఎజెండాలో లేదు. అలేఖ్యను పిలవనేలేదు. ఆడపిల్ల ముందు ఆ విషయం మాట్లాడటం మర్యాద కాదు కదా. మళ్లీ జరిగితే ప్రణీత్ ఇంటి గడప దాటరాదని, దుకాణానికి కూడా పోరాదని తీర్మానించారు.

నాగమణమ్మ సంతోష్‌నగర్‌లోని స్పెషల్ టీచర్ స్రవ్య దగ్గరికి పరుగెత్తింది. “మర్యాదగుండు అంటే వానికి ఏమర్థమైతదమ్మా? పేరు వెట్టి చెప్పాలె. కోరిక తప్పు గాదు, అడగకుండ ముట్టుడు తప్పు,” అంది స్రవ్య.

నాగమణమ్మ సిగ్గు దిగమింగి కొడుక్కి చెప్పింది. ఒంటి భాగాల పేర్లు చెప్పింది. తలుపు వేసుకుని చేసుకునే పనులేవో, నలుగురిలో చేయరానివేవో చెప్పింది. “ఎవ్వల్ని అడగకుండ ముట్టొద్దు బిడ్డా. కొంచెం దూరం నిలవడాలె.”

“కొంచెం అంటే ఎంత?” అన్నాడు ప్రణీత్.

ఆమె అటూ ఇటూ చూసి, గుడ్డలు కొలిచే మీటరు కర్ర చేతికిచ్చింది. “గింత.”

ఇక చెప్పేదేముంది, కొలత తప్పడం అతని జన్మలో లేదు. కర్ర పట్టుకునే ఆటోల దగ్గరికి వెళ్లాడు, మీటరు అవతలే నిలబడ్డాడు. మూడో వారం అలేఖ్య అక్కణ్ణుంచే గుడ్ మార్నింగ్ చెప్పింది. నాగమణమ్మకు ఆ పూట అన్నం సహించింది.

అయితే కొలిచేవాడికి చిన్నా పెద్దా తేడా ఉండదు. ఒక పొద్దున రోడ్డంతా ఖాళీగా ఉన్నా, భిక్షపతిగారు నర్సు లీలమ్మకు ఆనుకుని ఆటో కోసం ఎదురుచూస్తున్నారు. ప్రణీత్ ఇద్దరి మధ్య కర్ర పెట్టి చూశాడు.

“కాకా, జానెడు గూడ లేదు. అడిగినవా?”

“అడగలే. రోజూ గింతే,” అంది లీలమ్మ.

సాయంత్రానికే సంఘం సమావేశమైంది. ఈసారి రిజిస్టరులో ముసుగు మాటలు లేవు: ‘గౌరవ పెద్దలను కర్రతో కొలుచుట.’ భిక్షపతిగారి గొంతు గద్గదమైంది. “మనుషుల నడుమ మీటర్ దూరమంటే గల్లీల ప్రేమలు ఉంటయా?” ప్రణీత్ తక్షణం గడప దాటరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

“వాడు నేర్సుకున్నడు. ఇగ మీరు నేర్సుకోండ్రి,” అని నాగమణమ్మ లేచి వచ్చేసింది. మర్నాడు కొడుకు చెయ్యి పట్టుకుని తనే గడప దాటించింది.

ప్రణీత్ ఇప్పుడు రోజూ పొద్దున ఆటోల దగ్గరే ఉంటాడు. అలేఖ్య ఒక పక్క, లీలమ్మ ఒక పక్క, మధ్యలో మీటరు చొప్పున. మీరెప్పుడైనా అటు ఆటో కోసం వస్తే మిమ్మల్నీ కొలుస్తాడు. అభ్యంతరముంటే సంఘంలో ఫిర్యాదు చేసుకోవచ్చు. మీలాంటివాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు.