చెల్లమ్మకు రెండో సూది

ఆ రోజు వెంకటసామి అనుకొన్న పనులు మూడే. ఏడు గంటలకు పిల్లికి తిండి పెట్టి సూది వేయాలి. ఎనిమిదికి గాంధీపురం బస్సెక్కి, ఫ్రేము కట్టడానికి ఇచ్చిన భార్య ముత్తులక్ష్మి ఫోటో తెచ్చుకోవాలి. పన్నెండు లోపల ఇల్లు చేరితే ఆమె తెవసం, మొదటి ఏడాది తద్దినం, వేళకు జరిగిపోతుంది.

సింగానల్లూరులో అతనికి పంపుసెట్టు మోటార్లకు రాగి తీగ చుట్టే చిన్న వర్క్‌షాపు ఉంది. వెంట్రుకంత తీగను తెగకుండా చుట్టే ఆ చేతులు సూదిని చూస్తే మాత్రం వణికేవి. ముత్తులక్ష్మికి పద్నాలుగేళ్లు చక్కెర జబ్బు. రెండు పూటలా తన పొట్టలో తానే సూది పొడుచుకొనేది. వేయమని ఆమె ఒక్కనాడూ అడగలేదు, వేస్తానని ఇతనూ అనలేదు. ఆమె మందు కోసం ఫ్రిజ్ తలుపు తీయగానే చెప్పులు వేసుకొని టీ కొట్టు దాకా వెళ్లివచ్చేవాడు. కిడ్నీలు పాడై ఆమె పోయింది. ఆమె పెంచిన పిల్లి చెల్లమ్మ మిగిలింది. దానికి పదకొండేళ్లు.

పోయిన నెల చెల్లమ్మ మాటిమాటికీ నీళ్లు తాగుతూ చిక్కిపోతుంటే జంతువుల డాక్టరుకు చూపించారు. దీనికీ చక్కెర జబ్బేనని, పొద్దున ఏడుకూ సాయంత్రం ఏడుకూ తిండి తిన్నాక ఒక యూనిట్ ఇన్సులిన్ వేయాలని ఆయన చెప్పాడు. కూతురు మధుమిత తాను వేస్తానంది. వెంకటసామి ఒప్పుకోలేదు. మొదటి మూడు రోజులు మందు సగం పిల్లి బొచ్చు మీద, సగం తన చొక్కా మీద పడింది. నాలుగో రోజు మెడ వెనక చర్మం పైకెత్తి పట్టుకొని సూది దించాడు. చెల్లమ్మ గిన్నెలోంచి తలైనా ఎత్తలేదు. దీనికా ఇన్నేళ్లు భయపడ్డానని అతను అనుకొన్నాడు.

తెవసం నాడు కూడా ఏడుకే సూది వేసేశాడు. ఎనిమిదికి గేటు దాటుతుండగా, ఆండిపట్టి నుంచి ముందురోజే వచ్చిన అక్క పాపమ్మాళ్, వంటింట్లో మిక్సీ ఆపకుండానే పిల్లికి సూది సంగతేమిటని అడిగింది. అతను “వేసేసినక్కా” అన్నాడు. మిక్సీ రొదలో ఆమెకది “వేసెయ్యక్కా” అని వినబడింది.

పాపమ్మాళ్‌కు సూది వేయడం రాదు. మీ నైనా వేయమన్నాడని మధుమితకు చెప్పింది. అమ్మ తెవసం కదా, మనసు బాగాలేక మరిచిపోయి ఉంటాడని మధుమిత అనుకొంది. ఫోన్ చేసి అడిగితే బాధపడతాడేమోనని అడగలేదు. కొలత ప్రకారం, ఎంతో జాగ్రత్తగా, ఇంకో యూనిట్ వేసింది.

పది గంటలకు పక్కింటి జెనిఫర్ అరిటాకులు ఇవ్వడానికి వచ్చేసరికి చెల్లమ్మ తూలుతూ నడిచి గోడకు తల కొట్టుకొంటోంది. పాపమ్మాళ్ దాని ముందు కర్పూరం వెలిగించి, చెంపలు వేసుకొని, ఏం కావాలో చెప్పమ్మా అని బతిమాలుతోంది. ఏడాది నిండిన నాడు ముత్తులక్ష్మి పిల్లి మీదికి వచ్చిందని ఆమె నమ్మకం. జెనిఫర్ ఆకులు కింద పెట్టి, సూది ఎవరు వేశారని అడిగింది.

“నేనే. ఎనిమిదికి,” అంది మధుమిత.

“అన్న ఏడుకే వేసినాడే. నేను గోడమీంచి చూస్తా ఉంటి.”

మధుమిత జంతువుల డాక్టరుకు ఫోన్ చేసింది. చిగుళ్లకు తేనె రాస్తూ ఉండండి, వెంటనే తీసుకురండి అన్నాడాయన. జెనిఫర్ తేనె కోసం పరిగెత్తింది. మధుమిత తండ్రికి ఫోన్ చేసింది.

వెంకటసామి అప్పటికి తిరుగు బస్సులో, ఒళ్లో ఫోటోతో కూర్చొని ఉన్నాడు.

“నైనా, చెల్లమ్మకు రెండు సూదులు పడిపోయినాయి. షుగర్ దిగిపోయింది. లేవలేకుండా ఉండాది.”

అతను లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తోచక మళ్లీ కూర్చొన్నాడు. పక్క సీటు ఆవిడ ఎవరికేమయిందని తమిళంలో అడిగింది. చెల్లమ్మకు అన్నాడు. ఫోటోలో ఉన్నదెవరంటే తన భార్య అని, పోయి ఏడాదయిందని చెప్పాడు. చెల్లమ్మ ఆమె పెంచిన బిడ్డ అన్నాడు. వయసెంత అంటే పదకొండు అన్నాడు. అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. చెల్లమ్మకు తోక ఉందా అని ఎవరూ అడగలేదు.

తల్లి లేని పదకొండేళ్ల ఆడబిడ్డ స్పృహ తప్పి పడి ఉందన్న మాట డ్రైవరు దాకా పాకింది. కండక్టరు స్టాపుల్లో ఎవరినీ ఎక్కించుకోకుండా విజిల్ వేస్తూ బస్సు పోనిచ్చాడు. వెనక సీటు పెద్దమనిషి అడ్రసు అడిగి ఆంబులెన్సుకు ఫోన్ చేశాడు. వెంకటసామి అడ్రసైతే చెప్పాడు కానీ ఎందుకడుగుతున్నారో అతని తలకెక్కలేదు.

అతను ఇల్లు చేరేసరికి గేటు ముందు ఆంబులెన్సు, వీధి నిండా జనం. పిల్లి కోసం పిలిచిన ఆటో ఇంకా రాలేదు. మణిమారన్ అనే ఆంబులెన్సు ఉద్యోగి స్ట్రెచరుతో వసారాలోకి వచ్చి పేషెంట్ ఎక్కడని అడిగాడు. పాపమ్మాళ్ ఒడిలోని తువ్వాలు విప్పి చూపింది. మూతి నిండా తేనెతో చెల్లమ్మ ఒక కన్ను తెరిచింది. మణిమారన్ తన చేతిలోని కాగితం ఇంకోసారి చదువుకొన్నాడు. చెల్లమ్మ, స్త్రీ, పదకొండు. ఈ వేళకు ఎక్కడో ఒక మనిషి ఈ బండి కోసం చూస్తూ ఉంటాడని కోపంగా అన్నాడు.

వెంకటసామి చేతులు జోడించాడు.

“తప్పే సామీ. పద్నాలుగేండ్లు నా పెళ్లాం తనకు తానే సూది వేసుకొనింది. నేను టీ కొట్టుకు పోతా ఉంటి. దీనికైనా సరిగ్గా చేద్దామని చూసినా. ఇదీ పోయేట్టుండాది.”

అంటూనే ఫోటో పట్టుకొని మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. మణిమారన్ కోపం మరిచి పక్కన కూర్చొన్నాడు. అతని వేలు పొడిచి చక్కెర చూశాడు. యంత్రం తప్పేమోనని ఇంకో వేలు పొడిచాడు. రెండుసార్లూ నాలుగు వందలు దాటింది. ఆరు నెలలుగా వెంకటసామి చెంబులకు చెంబులు నీళ్లు తాగుతూ చిక్కిపోతున్నాడు. భార్య పోయిన దిగులని అందరూ అనుకొన్నారు. అతనూ అలాగే అనుకొన్నాడు.

స్ట్రెచరు ఖాళీగా వెనక్కి పోలేదు. కూతురిని పిల్లి వెంట పొమ్మని తనే పట్టుబట్టి వెంకటసామి ఒంటరిగా ఆంబులెన్సు ఎక్కాడు. మధుమిత, జెనిఫర్ చెల్లమ్మతో ఆటోలో వెళ్లారు. ఇంట్లో మిగిలిన పాపమ్మాళ్ ఫోటోను గోడకు ఆనించి, ఆకు వేసి, తనకు తోచినట్టు తెవసం ముగించి, ఎవరూ లేని ఇంట్లో ఒక్కతే కూర్చొని ఏడ్చింది.

సాయంత్రం ఆస్పత్రిలో వెంకటసామికి మొదటి ఇన్సులిన్ వేస్తుండగా కూతురు ఫోన్ చేసి, చెల్లమ్మ లేచి కూర్చొని ముద్ద తిన్నదని చెప్పింది. భార్యను సాగనంపిన నాడు కూడా ఏడవని మనిషి అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. నర్సు కంగారుపడి అంత నొప్పిగా ఉందా అని అడిగింది.

“నొప్పే లేదమ్మా,” అన్నాడు వెంకటసామి. “ఆమెను ఒక్క దినమన్నా ఈ మాట అడిగుంటే బాగుండు.”

తర్వాత చెల్లమ్మకు మందు తగ్గిస్తూ వచ్చారు. రెండు నెలలకు చక్కెర దానంతటదే అదుపులోకి వచ్చిందని, ఇక సూది అక్కర్లేదని, కనిపెట్టి మాత్రం ఉండమని జంతువుల డాక్టరు చెప్పాడు. వెంకటసామి సూది ఆపడానికి అతని డాక్టరు ఒప్పుకోలేదు.

రెండే నెలల్లో జబ్బు కుదిర్చిన డాక్టరు ఊళ్లోనే ఉండగా తమ్ముడు వేరే డాక్టరు దగ్గరికి ఎందుకు తిరుగుతున్నాడో పాపమ్మాళ్‌కు ఇప్పటికీ అర్థం కాలేదు.