అయ్యగారి స్కూటరు వెనకాల

ఆ ఆదివారం ఉదయం మోటారుసైకిళ్ల వాళ్లందరినీ వెంటబెట్టుకుని వేళకు చర్చికి చేరాలన్నది పాస్టరు పథకం. చేరకపోతే ఏమవుతుందో సంఘ పెద్ద ముందురోజే తేల్చి చెప్పాడు.

"ఏడాదిగా పెట్రోలు బంకు దగ్గర వాళ్లతో ప్రార్థనలన్నారు. కాళ్లు విరగ్గొట్టుకున్న వాళ్ల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. ఒక్కడైనా చర్చి గడప తొక్కాడా? రేపు వస్తే సరేసరి. రాకపోతే ఆ పరిచర్య అక్కడితో ఆపేయండి అయ్యగారూ."

అప్పట్నుంచీ, అందరూ అమ్మగారని పిలిచే పాస్టరు భార్యకు ముద్ద దిగలేదు. వాళ్ల తోలు జాకెట్ల వీపుకి సంఘం గుర్తు కుట్టింది ఆవిడే. తోలుకి సూదులు విరిగాయిగానీ కుట్టు వంకర పోనివ్వలేదు. బొటనవేలు ఇంకా సలుపుతూనే ఉంది.

బంకు దగ్గర బళ్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. వాళ్లలో పెద్దవాడైన గడ్డం మెకానిక్ పాస్టరు స్కూటరుని ముందుకు నెట్టించాడు.

"మీరే ముందుండాలి అయ్యగారూ. మా పద్ధతి తెలుసుగా. ముందున్న బండిని ఎవరూ దాటరు. అదెటు తిరిగితే అటే. పగలైనా లైట్లు ఆర్పం."

"మా స్కూటరు పరిగెత్తదయ్యా," అంది అమ్మగారు బెంగగా.

"నడిచినా పర్లేదమ్మగారూ. వెనకే నడుస్తాం."

అన్నంత పనీ చేశారు. స్కూటరు దగ్గుకుంటూ సాగింది. వెనక ఏనుగుల్లాంటి బళ్లు గొంతు నొక్కుకుని, లైట్లు వెలిగించుకుని, ఒకదాని వెనక ఒకటి కదిలాయి. పేపర్లు వేసే ముసలాయన సైకిలు మీద వాళ్లను దాటిపోతూ జాలిగా చూశాడు.

చర్చి మలుపు కనిపిస్తుండగా అమ్మగారు పాస్టరు భుజం పట్టి కుదిపింది.

"ఏమండీ! పొయ్యి మీద పాలు పెట్టాను. ఆపానో లేదో!"

"ఆపే ఉంటావులే."

"ఆపానని మీరు ఒట్టు వేస్తారా?"

"పాస్టర్ని. ఒట్లు వేయకూడదు," అంటూనే ఆయన స్కూటరుని ఇంటివైపు తిప్పాడు.

తిప్పాకగానీ అద్దంలోకి చూడలేదు. వరస వరసంతా వెంటే తిరిగింది. "మీరు చర్చికి వెళ్లండయ్యా!" అని గొంతు చించుకున్నాడు. హెల్మెట్లలోంచి ఎవరికీ వినబడలేదు. అందరూ వినయంగా తలలూపి, ఇంకాస్త దగ్గరగా వచ్చారు.

పాస్టరు ఇల్లు గొందిలో చిట్టచివరిది. దాని పక్కన వెనక వీధిలోకి తెరుచుకునే తుప్పుపట్టిన గేటు, గేటుకి తాళం. సీసా మూతిలో బిరడాలా బళ్లన్నీ గొంది మొదలుదాకా బిగుసుకుపోయాయి. "అయ్యో దేవుడా!" అంటూ అమ్మగారు దిగి లోపలికి పరిగెత్తింది.

పొయ్యి ఆపే ఉంది. పాలు చల్లారి, మీగడ కట్టి, నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాయి.

"ఇప్పుడెలాగయ్యా?" అంది బయటికి వచ్చి.

"చివర్నుంచి ఒక్కో బండినీ వెనక్కి లాగాలమ్మగారూ," అన్నాడు గడ్డం మెకానిక్.

"ఈలోగా ఆరాధన అయిపోతుంది!"

గేటు తాళంచెవి వెనక వీధి గోదాము కాపలాదారు దగ్గరుంది. పాస్టరు వయసు కూడా చూసుకోకుండా గోడెక్కి అటు దూకాడు. ఆరాధన కోసమని మోగకుండా పెట్టిన ఆయన ఫోను స్కూటరు పెట్టెలోనే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి పిన్నిగారు మేడ మీద కిటికీ తెరిచింది. ఆవిడా ఆ సంఘం మనిషే, కాళ్లనొప్పులతో ఆ పూట వెళ్లలేదు. పట్టపగలు లైట్లు వెలిగించిన బళ్ల వరస చూసింది. ఉక్కకి హెల్మెట్లు తీసి తలలు వంచుకున్న మగవాళ్లను చూసింది. మెట్టు మీద తల పట్టుకుని కూలబడిన అమ్మగారిని చూసింది. పాస్టరు మాత్రం ఎక్కడా కనబడలేదు. వెంటనే సంఘ పెద్దకి ఫోన్ చేసింది. ఆయన పాస్టరుకి చేశాడు, చేశాడు, మళ్లీ చేశాడు. చివరికి పాట మధ్యలో ఆపించి, సంఘం మొత్తాన్నీ వెంటేసుకుని వచ్చేశాడు.

బళ్ల సందుల్లోంచి వస్తున్న సంఘ పెద్దని చూడగానే అంతా అయిపోయిందనుకుంది అమ్మగారు. ఏడుపు తన్నుకొచ్చింది.

"తప్పంతా నాదేనండీ. నేను వెనక్కి తిప్పమనకపోతే..."

"ఊరుకో తల్లీ. మన చేతుల్లో ఏముంది?" ఆయన కళ్లు ఒత్తుకున్నాడు. జనం వైపు తిరిగాడు. "నిన్ననే ఆయన మనసు కష్టపెట్టాను. మనం కుర్చీల్లో కూర్చుని పాడుకుంటుంటే, రోడ్డు మీద పడ్డవాణ్ణి లేవదీసింది ఆయనొక్కడే. వీళ్లందరూ ఇలా వెంట వచ్చారంటే ఇంకేం సాక్ష్యం కావాలి? ఆయన లేని లోటు..."

అమ్మగారి ఏడుపు టక్కున ఆగింది. విషయం అర్థమైంది. చెబుదామని నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"...ఆ లోటు ఎవరూ తీర్చలేరు. కానీ సంఘం ఎదుట మాటిస్తున్నాను. నా ఊపిరి ఉన్నంతవరకూ ఈ పరిచర్య ఆగదు!"

"ఆమేన్!" అన్నాడు గడ్డం మెకానిక్. ఇంతటి మెచ్చుకోలు ఎందుకో అతనికి అంతుపట్టలేదుగానీ, వెనకున్నవాళ్లూ అందుకున్నారు. సంఘమూ అందుకుంది.

కిర్రుమంటూ గేటు తెరుచుకుంది. ఒళ్లంతా సున్నం, చేతిలో తాళంచెవితో పాస్టరు లోపలికి వచ్చాడు.

"ఇదేమిటి, అందరూ ఇక్కడే ఉన్నారు?"

పిన్నిగారి కిటికీ మూసుకుంది. సంఘ పెద్ద పక్కనున్న బండి మీద దభాలున కూలబడ్డాడు. ఊపిరి కూడదీసుకుని అమ్మగారి వైపు తిరిగాడు.

"ఆయన బతికే ఉన్నాడని ఒక్క ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్పేదాన్నేనండీ," అంది అమ్మగారు కళ్లు తుడుచుకుంటూ. "మీరు మాటివ్వడం పూర్తయ్యేదాకా ఆగాను."