చిట్టికి కంప్యూటర్ చూపులు

కళ్లు కనబడని అమ్మాయికి కాలేజీ కంప్యూటర్ కొనేటప్పుడు ఆ అమ్మాయిని మాత్రం అడక్కూడదు! అడిగితే ఏమవుతుంది? తనకేం కావాలో చెప్పేస్తుంది. ఇక మన అనుభవమెందుకు, మన కళ్లద్దాలెందుకు?

పాఠక మహాశయులారా, ఈ సత్యం చిట్టి మావయ్యకు పుట్టుకతోనే తెలుసు. మేనకోడలు చిట్టి డిగ్రీలో చేరింది. చదువు అయ్యేదాకా పాఠాలూ పరీక్షలూ కొనబోయే ఆ ఒక్క ల్యాప్‌టాప్ మీదే. ల్యాపు ఆమెది, టాపు తనది అని తీర్మానించి మావయ్య ఆమెను షాపుకి తీసుకెళ్లాడు.

సేల్స్‌మన్ మహా మర్యాదస్తుడు. "మేడమ్ ఏం చదువుతారు సార్?" అని మావయ్యను అడిగాడు.

"కామర్స్," అంది చిట్టి.

"కామర్సట," అని మావయ్య తర్జుమా చేశాడు.

"అయితే ఇది తీసుకోండి సార్. స్క్రీన్ చూడండి, అద్దమే! టచ్ కూడా ఉంది."

ఎంత కళ! ఎన్ని రంగులు! మావయ్య ముగ్ధుడైపోయాడు. చిట్టి కీబోర్డు తడిమింది. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ తొడుగు. వేళ్లకు దారి చెప్పే చిన్న బుడిపె కూడా తగల్లేదు. కీ ఆమె చేతికి అందలేదు గానీ బోర్డు మీటింగు జోరుగా సాగుతోంది!

"సౌండ్ పెట్టండి. స్క్రీన్ మీదున్నది ఇది పైకి ఎలా చదువుతుందో వినాలి," అంది చిట్టి.

"షాపులో సౌండ్ పెట్టం సార్," అని సేల్స్‌మన్ మావయ్యకు జవాబిచ్చాడు.

చిట్టి ఊరుకుంటుందా? పక్కనే ఎవరూ కన్నెత్తి చూడని మోటు ల్యాప్‌టాప్ ఒకటి చేతికి తగిలింది. తొడుగు పీకేసింది. వేళ్లు టకటకలాడాయి. అది గడగడా మాట్లాడటం మొదలెట్టింది.

"వైరస్!" సేల్స్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"వాయిస్ అండీ," అంది చిట్టి. స్క్రీన్ వెలుగు పూర్తిగా తగ్గించేసి, ఒక ఉత్తరం టైపు చేసి, దాని చేతనే చదివించింది. "మావయ్యా, నీకు నచ్చినదానికీ ఇలాగే చీకటి చేసి, నా పేరు కొట్టు చూద్దాం."

మావయ్య కొట్టాడు. తొడుగు మీద వేళ్లు జారాయి. కిమ్మనలేదది.

"ఏమీ తెలియట్లేదే చిట్టీ!"

"అదే నా బాధ. నాకు ఈ మోటుదే కావాలి."

మావయ్య మెత్తబడ్డాడు. "సరేనమ్మా. దాన్నే ప్యాక్ చెయ్యవయ్యా."

సేల్స్‌మన్ గొంతు సవరించుకున్నాడు. షాపులోకి వచ్చాక మొట్టమొదటిసారి నేరుగా చిట్టి వైపే తిరిగాడు.

"మేడమ్, అది డెమో పీసు. స్క్రీన్ మీద చిన్న గీత ఉంది. ఒకసారి బాగా చూసుకుని తీసుకోండి. తర్వాత మమ్మల్ని అనకూడదు!"